ఇంజనుకేనా హారతి?

నవలలు రాసుకునే దానికి, అందులోనూ చరిత్రా తెలుగూ చదివి బి.ఏ. పట్టా పుచ్చుకున్న దానికి, గేరుబాక్సుల గొడవ ఎందుకూ అని మీలో కొందరైనా ముక్కున వేలేసుకుంటారు. వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక్క మాట అడుగుతాను. ఇంట్లో పికప్ బండికి ఇంజను మార్పించాలన్నప్పుడు తాకట్టుకు పోయేది ఎవరి గాజులు? మహిళా సంఘం లోను కాగితం మీద సంతకం పెట్టేది ఎవరు? వాయిదా తప్పితే మీటింగులో తల దించుకుని కూచునేది ఎవరు? డబ్బు దగ్గర మనం కావాలి. ఆ డబ్బుతో ఏం కొంటున్నారని అడిగితే మాత్రం "నీకు తెలవదు, నువ్వూకో" అంటారు. ఊకోవద్దనే నా పేచీ.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి గానీ బండ్ల సంగతి వచ్చేసరికి మూడూ ఇంకా పాత వరంగల్లు జిల్లా ఊళ్ళే. కూరగాయలకీ, మిర్చికీ, గొర్రెలకీ, పెళ్ళి సామానుకీ ఏదో ఒక చిన్న బండి కావాలి. మా వైపు కాస్త పెద్ద బండి కనిపిస్తే చాలు, దాని కంపెనీ ఏదైనా సరే, "డీసీఎం" అనేస్తారు. 1980ల్లో డీసీఎం టయోటా అని ఒక కంపెనీ ఉండేది. ఆ పేరు 1990ల్లోనే పోయింది. మనవాళ్ళ నోట్లో మాత్రం నిక్షేపంగా బతికే ఉంది. కంపెనీలకు ఆ అదృష్టం ఎందుకు పట్టిందో నాకు తెలియదు గానీ, బండిలో ఇంజనుకు పట్టిన అదృష్టం మాత్రం నాకు బాగా తెలుసు.

పాత బండి ఇంజను పొగ కక్కుతుంది. కొత్త బండి కొనాలంటే లక్షలు. పాత ఇంజను ఒకటి తెచ్చి బిగిస్తే అందులో కొంతతో పనైపోతుంది. అప్పుడు మొదలవుతుంది చూడండి, వేపచెట్టు కింద పంచాయితీ! "ఎన్ని హార్సులే?" "ఎంత సీసీ?" "విజయవాడ ఆటోనగర్‌ల దొరుకుతదట." పదిమంది మగవాళ్ళు చేరి పెళ్ళికొడుకును చూసినట్టు ఇంజనును చూస్తారు. చుట్టూ తిరుగుతారు. చెవి ఆన్చి వింటారు. నిమ్మకాయలు కడతారు, కొబ్బరికాయ కొడతారు, హారతిస్తారు. ఆ ఇంజను బలాన్ని చక్రాల దాకా మోసుకెళ్ళేది ఏదీ, అది ఈ కొత్త బలాన్ని తట్టుకుంటుందా అని ఒక్కడూ అడగడు. "ఉన్న గేరుబాక్సే సరిపోతది" అని తేల్చేస్తారు. ఉన్న కోడలే సరిపోతుంది, ఇంకో నలుగురు చుట్టాల్ని పిలవండి అన్నట్టు!

ఇంకో తమాషా ఉంది. బండి ఆర్.సి. తీసి చూడండి. ఇంజను నంబరు ఉంటుంది, ఛాసిస్ నంబరు ఉంటుంది. గేరుబాక్సు నంబరు ఉండదు. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చాక మనకైనా రేషను కార్డులో ఇంటి పెద్దగా చోటిచ్చారు. పాపం గేరుబాక్సుకు ఏ కాగితంలోనూ చోటు లేదు.

అసలది చేసే పనేమిటో తెలియకపోతే ఈ అన్యాయం అర్థం కాదు. మన ఇళ్ళలో తిరగలి ఉండేది, గుర్తుందా? పిడి అంచున ఉంటే చెయ్యి పెద్ద చుట్టు తిరగాలి గానీ రాయి సులువుగా కదులుతుంది. అదే పిడిని మధ్యకు జరిపి చూడండి. చెయ్యి తిరగాల్సిన దూరం తగ్గుతుంది గానీ రెక్కలు విరిగిపోతాయి. మొదటి గేరు అంచున ఉన్న పిడి. పై గేర్లకు పోయేకొద్దీ పిడి మధ్యకు జరుగుతుంది. బరువుతో కదలాలంటే అంచు పిడి కావాలి. వేగంగా పోవాలంటే మధ్య పిడి కావాలి. రెండూ సమయానికి అందించేదే గేరుబాక్సు. ఇందులో ఇంజనీరింగు కాలేజీ చదువు అవసరమైన ముక్క ఒక్కటైనా ఉందా?

లెక్క కూడా మనకు రానిదేం కాదు. పాత విల్లీస్ జీపులకు టి-90 అని మూడు గేర్ల బాక్సు ఉండేది. మొదటి గేరు లెక్క 2.8. వెనక ఇరుసులో ఉండే క్రౌన్ పినియను లెక్క 5.38. రెండూ హెచ్చవేస్తే ఇంచుమించు 15. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను 15 చుట్లు తిరుగుతుంది. మూడో గేరులో గేరుబాక్సు ఏమీ కలపదు, తీసెయ్యదు. కాబట్టి ఇంజను 5.38 చుట్లే తిరుగుతుంది. ఆ జీపు గంటకు 60 కిలోమీటర్లు పోతుంటే నిమిషానికి ఒక కిలోమీటరు కదా. టైరు చుట్టుకొలత రెండుంపావు మీటర్లనుకుంటే, ఇంజను నిమిషానికి దాదాపు 2400 చుట్లు తిరగాలి. పాత పెట్రోలు ఇంజనుకు అదో లెక్క కాదు. దాని పూర్తి బలం 4000 దగ్గర గాని బయటపడదు. అదే చోట ట్రాక్టరు జాతి డీజిలు ఇంజను పెట్టారనుకోండి. అలాంటివి రెండువేల చిల్లరకే ఆయాసపడతాయి. గేరుబాక్సూ ఇరుసూ మార్చకుండా అది బిగిస్తే, బండి రోడ్డు మీద పోయినంతసేపూ గుండెలు బాదుకుంటున్నట్టే ఉంటుంది. ఇంజను మంచిదే. జత కుదరలేదు, అంతే. తర్వాత జనం ఇంజనునే తిడతారు, అది వేరే సంగతి.

గేరుబాక్సును చంపేది గుర్రాల లెక్క కాదని కూడా ఈ వేపచెట్టు పెద్దలకు చెప్పాలి. చంపేది మెలితిప్పే బలం, వాళ్ళ భాషలో టార్కు. పెద్ద డీజిలు ఇంజను మెల్లగా తిరుగుతూనే గట్టిగా మెలితిప్పుతుంది. ప్రతి గేరుబాక్సూ ఇంత మెలిక వరకే ఓర్చుకుంటుందని తయారుచేసినవాడు ఒక హద్దు పెడతాడు. ఆ హద్దు దాటితే ఖాళీ బండిలో ఏమీ తెలియదు. పదిరోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది, మెకానిక్‌కు డబ్బు ముట్టిపోతుంది. బరువెక్కిన రోజున పళ్ళు ఊడతాయి.

ఊడిన పళ్ళు నేను కళ్ళారా చూశాను. మానుకోట దగ్గర మా చిన్నాన్న కొడుకు 2013లో పాత జీపు పికప్‌కు పెద్ద డీజిలు ఇంజను వేయించాడు. మా మరదలి గాజులు రెండు, సంఘం లోను, ఇంకా చేబదుళ్ళు. పాత నాలుగు గేర్ల బాక్సు అలాగే ఉంచేశారు. నేను ఆ వారం అక్కడే ఉన్నాను. "ఇది దీన్ని ఆపుతుందా?" అని మెకానిక్‌ను అడిగాను. "అమ్మా, మీకెందుకమ్మా గివన్నీ? కథలు రాసుకోరాదుండ్రి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా తమ్ముడూ నవ్వాడు. మా మరదలొక్కతే నవ్వలేదు.

మిర్చి కోతల కాలంలో ముప్ఫై బస్తాలు వేసుకుని, తండా దగ్గర కాలువ గట్టు ఎక్కుతుండగా లోపల ఏదో పటపటా విరిగింది. గేరుబాక్సు విప్పి నూనెలోంచి గేరు పళ్ళు ఏరి గుడ్డ మీద పెడితే, పిల్లల పాలపళ్ళు ఏరి పెట్టినట్టుంది. బండి గట్టుమీదే రెండు రాత్రులుంది. బస్తాలు ఎడ్లబండి మీద దించుకున్నారు. ఇంకో గేరుబాక్సు, అది కుదరడానికి మధ్యలో పలక, షాఫ్టు కోత, మళ్ళీ క్లచ్ ప్లేటు, అన్నీ కలిపి ఇంజనుకు పెట్టిన ఖర్చులో సగం దాటింది. మొదటే చెయ్యాల్సిన పని రెండోసారి అప్పుచేసి చేశారు. "అదృష్టం బాగలేదు వదినా" అంది మా మరదలు. అదృష్టానికేం సంబంధం? దాన్ని నోరు మూసుకోమన్నవాళ్ళకు సంబంధం ఉంది.

"పాత గేరుబాక్సు ఊరికే వస్తుంది కదండీ, కొత్తది కొంటే ఖర్చు కదా" అని వాదించేవాళ్ళున్నారు. పాతది ఊరికే రాదు. దాన్ని కొత్త ఇంజనుకు తగిలించాలంటే మధ్యలో ఇనప పలక చేయించాలి. లేతు మిషను దగ్గర ఆ పలక నడిమధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా ఇంజను ఇరుసూ గేరుబాక్సు ఇరుసూ ఒక వరసలో ఉండవు. బేరింగు కూస్తుంది, క్లచ్ వణుకుతుంది, కొన్నాళ్ళకు సీలు కారుతుంది. ఇంజనూ గేరుబాక్సూ ఒకే బండిలోంచి జంటగా తెచ్చుకుంటే ఈ అవస్థలో ముప్పాతిక ఉండదు. బెల్ హౌసింగు అమరుతుంది, క్లచ్ అమరుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మాత్రం సరిచేయించాలి. అది కూడా వెల్డింగు చేసి వదిలేస్తే సరిపోదు. తూకం చూపించాలి, లేకపోతే వేగం పెరిగేకొద్దీ బండంతా మలేరియా వచ్చినట్టు వణుకుతుంది.

జంటగా తేవాలన్నది నా సొంత కవిత్వం కాదు. మన అంబాసిడర్ కారునే చూడండి. 1990ల మొదట్లో దానికి జపాను ఇసుజు 1800 సీసీ ఇంజను పెట్టినప్పుడు, పాత నాలుగు గేర్లతో సరిపెట్టలేదు. అయిదు గేర్ల బాక్సుతో సహా పెట్టారు. అంతకు ముందు కాంటెస్సాకూ అంతే. మహీంద్రా జీపులకు పెజో డీజిలు ఇంజను వచ్చాక మూడు గేర్ల రోజులు పోయి నాలుగు గేర్లవి వచ్చాయి. ఫ్యాక్టరీ పెట్టుకుని, ఇంజనీర్లకు జీతాలిచ్చి పోషించే కంపెనీలకే ఈ జాగ్రత్త తప్పనప్పుడు, వేపచెట్టు కింద మనకు ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ ధీమా?

ఇక అయిదు గేర్ల మోజు ఒకటుంది. "అయిదు గేర్లు కావాలి, నాలుగు పాత ఫ్యాషను" అంటారు. చీర కొనేటప్పుడు అంచే చూసి నేత చూడనట్టుంటుంది ఇది. గేర్లు ఎన్నున్నాయని కాదు, మొదటి గేరు ఎంత లోతుగా ఉంది, చివరి గేరు ఎంత తేలికగా ఉంది అని అడగాలి. కార్ల గేరుబాక్సుల్లో మొదటి గేరు సాధారణంగా మూడున్నరకూ నాలుగుకూ మధ్య. బరువు మోసే చిన్న లారీల వాటిలో అయిదు, ఆ పైన. కారు గేరుబాక్సు అయిదు గేర్లదని మురిసిపోయి బస్తాల బండికి పెడితే ఎత్తు దగ్గర క్లచ్ కాల్చుకుంటూ కూచోవాలి. 2005లో టాటా ఏస్ వచ్చింది గుర్తుందా, మనవాళ్ళు ముద్దుగా చిన్న ఏనుగనేవారు. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 గుర్రాలు, నాలుగే గేర్లు. అది బరువులు మోసుకుంటూ ఊరూరా తిరగలేదా? ఇంజను చిన్నదే, దానికి తగ్గ గేర్లు పడ్డాయి.

కాబట్టి ఏ గేరుబాక్సు అన్నది బండి తిరిగే దారిని బట్టి ఉంటుంది. జనగామ వాళ్ళ సంగతి సులువు. కూరగాయలు వేసుకుని హైదరాబాదు వెళ్ళే రోడ్డు వెడల్పు, చదును. వాళ్ళకు అయిదో గేరు నిజంగా లాభమే. నేను ఇందాక చెప్పిన 2400 చుట్లు, 0.8 లెక్క ఉన్న అయిదో గేరులో 1900 చిల్లరకు దిగుతాయి. డీజిలు మిగులుతుంది, చెవులు మిగులుతాయి. మానుకోట తండాల బండికి ఆ అయిదో గేరు దేవుడి గదిలో వెండి పళ్ళెంలాంటిది, ఏడాదికి రెండుసార్లు బయటికి తీస్తారు. అక్కడ కావలసింది వాన తర్వాత బురదలో, గట్టు మీద, నత్తలా ఎక్కగలిగే మొదటి గేరు.

భూపాలపల్లిది ఇంకో రకం బాధ. సింగరేణి బొగ్గు టిప్పర్ల వెనకా, చెల్పూరు కరెంటు కేంద్రం వైపు లారీల వెనకా పడ్డ చిన్న బండి రెండు, మూడు, మళ్ళీ రెండు, అలా గేర్లు మారుస్తూనే బతకాలి. మేడారం జాతర రోజుల్లో సరేసరి. అక్కడ బెల్లాన్నే బంగారమంటారు. అది మొక్కు చెల్లించడానికి బయల్దేరిన బండి అడవి దారిలో గంటలకొద్దీ అంగుళం అంగుళం జరుగుతుంటుంది. (సామాను బండిలో మనుషుల్ని కుక్కి తీసుకెళ్ళడం గురించి నాకు వేరే పేచీ ఉంది, ఇంకోసారి.) అక్కడ చూడాల్సింది సింక్రో రింగులు. తిరిగే రెండు గేర్లు వేరువేరు వేగాలతో ఉన్నప్పుడు, ఈ రింగు ముందుగా ఒరుసుకుని రెండింటినీ ఒకే వేగానికి తెస్తుంది, ఆ తర్వాతే పళ్ళు కలుస్తాయి. రింగు అరిగితే గేరు వేసినప్పుడల్లా కర్రుమంటుంది. పాత టి-90లో మొదటి గేరుకు ఆ రింగే లేదు, బండి ఆగితే గాని అది సులువుగా పడేది కాదు. రోజంతా ఆగుతూ సాగే దారిలో అలాంటి గేరుబాక్సు పెట్టడం డ్రైవరు భుజం మీద కోపంతో చేసే పని.

ఆ రింగులు చాలా గేరుబాక్సుల్లో ఇత్తడివి. జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి చూసి పెరిగినవాళ్ళం, దాని గుణం మనకు ఒకరు చెప్పాలా? కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తామా? గేరుబాక్సు నూనెల్లోనూ ఆ తేడా ఉంది. వెనక ఇరుసుకు పోసే జి.ఎల్-5 రకం నూనెల్లో గంధకం మందు ఎక్కువ. దానివల్ల కొన్ని గేరుబాక్సుల్లో ఇత్తడి రింగులు చెడతాయి. గేరుబాక్సు తయారుచేసినవాళ్ళు జి.ఎల్-4 పొయ్యమంటే అదే పొయ్యాలి. "ఏ నూనైతేంది, గట్టిగుంటె సాలు" అనే మెకానిక్‌కు మీ బండి ఇవ్వకండి.

"ఇంత తలనొప్పెందుకు, గేర్లు మార్చే పనే లేని ఆటోమేటిక్ పెట్టిస్తే ఆడవాళ్ళు కూడా నడపొచ్చు కదా" అని ఈమధ్య నాకొక ఉపకారి సలహా ఇచ్చారు. ఆడవాళ్ళకు చెయ్యీ కాలూ ఒకేసారి ఆడవని ఆయనకు ఎవరు చెప్పారో. ఒక చేత్తో చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని ఇంకో చేత్తో అట్టు తిరగేసే వాళ్ళకు క్లచ్ ఒక లెక్కా? కారులో ఆటోమేటిక్ హాయిగా ఉంటుంది, కాదనను. పాత బరువు బండికి మాత్రం గేరు కర్రే మేలు. అది చెడితే విప్పి చూడగలిగినవాడు మానుకోటలోనే దొరుకుతాడు. దిగుడులో తక్కువ గేరు వేసి ఇంజనుతోనే బండిని పట్టుకోవచ్చు. బ్రేకులు కాలిపోకుండా మిగులుతాయి.

చట్టం సంగతి చెప్పకుండా వదిలితే నేను కూడా వేపచెట్టు కింద మనిషినే అవుతాను. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, అంటే ఆర్.సి.లో ఎక్కినవాటికి, తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదని చెప్పింది. కాబట్టి మనసుకు నచ్చిన పెద్ద ఇంజను ఏదో తెచ్చి బిగించుకునే రోజులు కావివి. అదే రకం ఇంజను, ఆర్.టి.ఓ. అనుమతితో పెట్టించి, నంబరు ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు. అప్పుడు వీధిన పడేది వేపచెట్టు కాదు, మీరు. పైగా అదే రకం ఇంజను పెడితే గేరుబాక్సు గొడవ తీరిపోయిందనీ అనుకోకండి. ఏళ్ళ తరబడి బస్తాలు మోసి అరిగిన గేరుబాక్సును, చేవ ఉన్న ఇంజను వెనక పెడుతున్నారు. ఇంజను దించినప్పుడే దాన్నీ విప్పించి బేరింగులూ రింగులూ చూపించకపోతే, మళ్ళీ దించే కూలి మళ్ళీ మీదే.

మీ ఇంట్లో ఈ పని మొదలైతే, గాజులు తీసే ముందు వెళ్ళి ఆ మెకానిక్ దగ్గర నిలబడండి. గేరుబాక్సు ఏ బండిలోది, ఎంత టార్కుకు చేసింది, మొదటి గేరు లెక్కెంత, వెనక ఇరుసు లెక్కెంత, రెండూ హెచ్చవేస్తే ఎంత, ఈ రింగులూ బేరింగులూ మన ఊళ్ళో దొరుకుతాయా, విజయవాడ రైలెక్కాలా అని అడగండి. నవ్వుతారు. నవ్వినంతసేపు నవ్వనిచ్చి మళ్ళీ అడగండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. సగం మీ దగ్గరే ఉంచుకుని, బండి మొదటిసారి నడిపి చూసేటప్పుడు ఖాళీగా బజారులో ఒక చుట్టు తిప్పి తెస్తే ఒప్పుకోకండి. బస్తాలు ఎక్కించమనండి. మీరు రోజూ ఎక్కే గట్టు ఏదో అక్కడికే తీసుకెళ్ళమనండి. సగం ఎత్తులో ఆపించి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదటి గేరులో కదిలించమనండి.